కోటలు నిండిపోయాయి, నదుల పేజీలు ఖాళీ

ఇంటర్ సెలవుల్లో ఒక స్టాక్‌బుక్ కొనుక్కుని, ఎడమవైపు పేజీలు కోటలకి, కుడివైపు పేజీలు నదులకి అని పంచేశాను. నా లెక్క చాలా సింపుల్. కోట కట్టినవాడు నీళ్ళు చూసుకునే కట్టి ఉంటాడు కదా, కాబట్టి కోట స్టాంపులు ఎన్ని దొరికితే నది స్టాంపులూ దాదాపు అన్నే దొరకాలి. ఇప్పుడు థర్డ్ ఇయర్‌లో ఉన్నాను. ఎడమవైపు చోటు చాలక ఒక్కో వరుసలో రెండేసి స్టాంపులు ఒకదానిమీద ఒకటి ఎక్కించాల్సి వస్తోంది. కుడివైపు మాత్రం తెల్లగా, సప్లిమెంటరీ రాసేవాడి ఆన్సర్ షీట్‌లా ఉంది.

ఎందుకిలా అయిందో వెతుక్కుంటూ పోతే నాకు తెలిసిన సంగతులే ఈ వ్యాసం. స్టాంపులు ఎలా సేకరించాలో కూడా మధ్యలో చెబుతాను. ఎందుకంటే హాస్టల్లో ఎవరికి చెప్పినా మొదట అడిగేది అదే: "ఈ రోజుల్లో ఉత్తరాలే లేవు, నీకు స్టాంపులెక్కడివిరా?"

ఉత్తరాలు లేకపోయినా స్టాంపులు వస్తూనే ఉన్నాయి. తపాలా శాఖ వేసేవాటిలో రెండు రకాలుంటాయి. ఒకటి నిత్యవాడుకవి. ఒకే బొమ్మని ఏళ్ళ తరబడి అచ్చు వేస్తూనే ఉంటారు. రెండోది స్మారక స్టాంపులు. ఒక మనిషి పేరుమీదో, ఒక సందర్భానికో ఒక్కసారి వేస్తారు, అయిపోతే అంతే. పెద్ద పోస్టాఫీసుల్లో ఫిలాటెలిక్ బ్యూరో అని విడిగా ఒక కౌంటర్ ఉంటుంది. హైదరాబాద్‌లో అయితే ఆబిడ్స్ జీపీవోలో ఉంది. అక్కడ కొత్తవి ముఖ విలువకే ఇస్తారు. ఐదు రూపాయల స్టాంపు ఐదు రూపాయలే. పాతవి కావాలంటే పాత పుస్తకాల బజార్లు, ఎగ్జిబిషన్లు, లేదా ఇంట్లో అటక. అటక గురించి చివర్లో చెప్పాలి, అదొక బాధాకరమైన కథ.

ఒక దేశం స్టాంపులన్నీ పోగేయడం ఒక పద్ధతి. ఒక విషయం పట్టుకుని, ఏ దేశానిదైనా ఏ కాలానిదైనా ఆ విషయానికి సంబంధించినవే పోగేయడం ఇంకో పద్ధతి. దీన్ని థీమాటిక్ అంటారు. స్టూడెంట్ జేబుకి రెండోదే మేలని నా అభిప్రాయం. మొదటి పద్ధతిలో ఎక్కడో ఒకచోట మన నెల ఖర్చంత ధర ఉన్న స్టాంపు అడ్డం పడుతుంది, దానితో ఆసక్తి చస్తుంది. థీమాటిక్‌లో ఏది ముఖ్యమో నిర్ణయించేది మనమే. పైగా ప్రశ్న మనది కాబట్టి జవాబు వెతికే పని కూడా మనదే అవుతుంది.

ముందు ఎడమ పేజీలు చూద్దాం.

బ్రిటిష్ ఇండియా వేసిన తొలి స్మారక స్టాంపులు 1931 ఫిబ్రవరిలో వచ్చాయి, కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవం సందర్భంగా. ఆరు స్టాంపులు. అన్నిటికంటే తక్కువ విలువది, పావు అణాది, పురానా ఖిలా. వైస్రాయి భవనం, సెక్రటేరియట్, కౌన్సిల్ హౌస్ (మొన్నటిదాకా మన పార్లమెంటు) పైవిలువల మీద ఉన్నాయి. కొత్త రాజధాని గొప్ప చెప్పుకోడానికి వేసిన సెట్‌లో పాత కోటకి పావు అణా చోటు ఇచ్చారన్నమాట. కానీ పావు అణా స్టాంపే కదా ఎక్కువమంది చేతుల్లోకి వెళ్ళేది!

స్వతంత్రం వచ్చాక 1949 ఆగస్టు 15న మొదలైన నిత్యవాడుక సిరీస్ మొత్తం పురాతన కట్టడాలూ శిల్పాలే. రూపాయి మీద చిత్తోడ్ కోటలోని విజయస్తంభం, రెండు రూపాయల మీద ఎర్రకోట. బీజాపూర్ గోల్ గుంబజ్, తాజ్‌మహల్, కుతుబ్ మినార్ కూడా ఇందులోవే. ఈ సిరీస్‌లో ఒక తమాషా ఉంది. అణా స్టాంపు మీద బోధిసత్వుడి బొమ్మ అద్దంలో చూసినట్టు ఎడమకి కుడి, కుడికి ఎడమ తిరగబడి అచ్చయింది. మరుసటేడు సరిదిద్ది మళ్ళీ వేశారు. ల్యాబ్‌లో మన పీసీబీ లేఅవుట్ తలకిందులుగా ప్రింటయినప్పుడు నాకు ఈ స్టాంపే గుర్తొచ్చింది. కొంచెం ధైర్యం వచ్చింది కూడా.

తర్వాత నేరుగా కోటల పేరుతోనే 1984లో నాలుగు స్టాంపులు వచ్చాయి: గ్వాలియర్, వెల్లూరు, సింహగఢ్, జోధ్‌పూర్. ఎవరైనా ఈ థీమ్ మొదలుపెట్టాలనుకుంటే ఈ నాలుగింటితోనే మొదలుపెట్టండి. సులువుగా దొరుకుతాయి, పెద్ద ధరా ఉండదు. నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే కోట అంటే ఒకటే అర్థం కాదని తెలుస్తుంది. గ్వాలియర్ నిటారు కొండ అంచు మీది గోడ. సింహగఢ్‌లో కొండే కోట, మనిషి కట్టింది తక్కువ. వెల్లూరు నేల మీది కోట, దాని బలమంతా చుట్టూ ఉన్న నీటి కందకంలో ఉంది. టిప్పు సుల్తాన్ కొడుకుల్ని బందీలుగా ఉంచింది అక్కడే, 1806లో సిపాయిలు తిరగబడిందీ అక్కడే. ఆ తిరుగుబాటుకి రెండొందల ఏళ్ళయిన సందర్భంగా 2006లో ఇంకో స్టాంపు వేశారు. ఈ రెండూ నా దగ్గర ఒకే వరుసలో ఉన్నాయి.

మనవాళ్ళ వంతు 2002లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కోటలు అని రెండు స్టాంపులు: గోల్కొండ, చంద్రగిరి. ఒకటి అప్పటి రాజధాని పక్కనే, ఇంకోటి తిరుపతి దగ్గర. చంద్రగిరి విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి, స్వర్ణముఖి నది చేరువలో ఉంటుంది. గోల్కొండకి దగ్గర్లో మూసీ. ఇలా కోట పక్కన నది ఉందని నేను పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. ఎర్రకోట తూర్పు గోడని ఆనుకుని ఒకప్పుడు యమున పారేది. పురానా ఖిలాదీ అదే కథ. తర్వాత నది తూర్పుకి జరిగిపోయింది. రాజస్థాన్ కొండకోటలు ఆరింటికి యునెస్కో గుర్తింపు 2013లో వచ్చింది, వాటి స్టాంపులు 2018లో వచ్చాయి. వాటిలో గాగ్రోన్ అని ఒకటుంది. దానికి మూడువైపులా ఆహు, కాలీసింధ్ నదుల నీళ్ళే. జలదుర్గం అంటారు. నాకు తెలిసి ఒక నది లేకపోతే ఆ కోటకి అర్థమే లేదు. అయినా స్టాంపుల పేర్లలో, సందర్భాల్లో కోటే ఉంటుంది. నదికి ఆ పక్కన నిలబడే చోటు కూడా కష్టమే.

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాల్సింది నిజాం స్టాంపుల దగ్గర.

హైదరాబాద్ సంస్థానానికి సొంత తపాలా వ్యవస్థ ఉండేది, సొంత స్టాంపులుండేవి. పాతవాటి మీద ఉర్దూ, ఇంగ్లీషు, మరాఠీలతో పాటు తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. చిటికెన వేలి గోరంత చోటులో నాలుగు లిపులు! మొదటిసారి భూతద్దంతో చూసి అందులో తెలుగు చదివినప్పుడు నేను హాస్టల్ కారిడార్‌లో పరిగెత్తి నలుగురికి చూపించాను. ముగ్గురు "ఓహో" అన్నారు. నాలుగోవాడు రేటెంత అన్నాడు.

1931లో నిజాం ప్రభుత్వం బొమ్మల స్టాంపులు మొదలుపెట్టింది. అణా మీద చార్మినార్. రెండణాల మీద హైకోర్టు. ఎనిమిదణాల మీద అజంతా గుహల ప్రవేశం, పన్నెండణాల మీద బీదర్ మదరసా, రూపాయి మీద దౌలతాబాద్ కోటలోని మినార్. నాలుగణాల స్టాంపు సంగతి తర్వాత చెబుతాను, దాన్ని కావాలనే దాటేశాను. వీటి పలకలు లండన్‌లోని డి లా ర్యూ కంపెనీ చెక్కింది, అచ్చు వేసింది మాత్రం హైదరాబాద్ స్టాంపుల కార్యాలయంలోనే. లోహపు పలక మీద గీతలు లోతుగా చెక్కి, ఆ గాడుల్లో సిరా నింపి, కాగితాన్ని గట్టిగా అదిమి తీసే పద్ధతి ఇది. కాగితం ఆ గాడుల్లోకి దిగి సిరాని పట్టుకొస్తుంది. అందుకే ఆ స్టాంపు మీద వేలి కొనతో మెల్లగా తడిమితే గీతలు ఉబ్బెత్తుగా తగులుతాయి. (తడమకూడదు నిజానికి. వేలి జిడ్డు అంటుతుంది. పట్టకారుతోనే పట్టుకోవాలి. కానీ ఒక్కసారైనా తడమని వాడు నాకింతవరకు కనబడలేదు.) ఇదే స్టాంపుల మీద ఉర్దూలో 'సర్కారీ' అని పైన అచ్చు కొట్టినవి కూడా దొరుకుతాయి. అవి ప్రభుత్వ ఉత్తరాలకి వాడినవి.

1947లో ఇదే వరసలో ఇంకో మూడు చేరాయి. ఒకటి హైదరాబాద్ పవర్ హౌస్, ట్రిపుల్ ఈ వాళ్ళు గమనించాలి. మిగతా రెండూ కోటలే. మూడణాల మీద ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం, ఆరణాల మీద గోల్కొండ.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలుగు నేల చరిత్ర నాలుగొందల ఏళ్ళ మేర రెండంగుళాల్లో ఇమిడిపోతుంది. కాకతీయులు కట్టిన స్వయంభూ శివాలయానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల చేతికి చిక్కింది. గుడి పోయింది, తోరణాలు నిలబడ్డాయి. గోల్కొండ కూడా మొదట్లో కాకతీయుల కాలపు మట్టికోటే. బహమనీల చేతి మీదుగా కుతుబ్‌షాహీలకి వచ్చి రాతికోట అయింది, 1687లో ఔరంగజేబుకి పడింది. స్టాంపులు వచ్చిన మరుసటేడు సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానమే పోయి భారతదేశంలో కలిసింది. అంటే ఓడిపోయిన రెండు రాజ్యాల కోటల్ని తన స్టాంపుల మీద వేసుకున్న మూడో రాజ్యం, ఏడాదిన్నర తిరక్కుండానే వాటి పక్కకి చేరింది.

ఇంకో సంగతి. 1931 నాటి అణా మీద చార్మినార్, 1947 నాటి మూడణాల మీద కాకతీయ తోరణం. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చినప్పుడు రాజముద్రలో పెట్టుకున్నవి కూడా ఈ రెండే. చూసి చేశారని నేననడం లేదు. మనల్ని మనం ఒక చిన్న గుండ్రంలో చూపించుకోవాలంటే చేతికి తగిలే బొమ్మలు అవే అనిపిస్తుంది అంతే.

సరే, కుడి పేజీలు.

ఆసియాలోనే మొదటి స్టాంపు ఏదంటే సింధ్ డాక్ అని చెబుతారు. 1852లో సింధ్ ప్రాంతపు కమిషనర్ బార్టిల్ ఫ్రేర్ వేయించాడు. అర అణా. మొదట ఎర్రటి లక్కతో చేశారు, అది పెళుసుగా విరిగిపోతోందని తెల్లటి కాగితం మీద ఉబ్బెత్తుగా వేశారు, అది కనబడటం లేదని నీలం రంగులో వేశారు. మూడు వెర్షన్లు, డీబగ్గింగ్ అంటే అదే. ఇంతకీ ఆ ప్రాంతానికి సింధ్ అని పేరొచ్చింది సింధు నది వల్ల. అంటే మన వైపు తొలి స్టాంపు మీదే ఒక నది పేరుంది. నది బొమ్మ మాత్రం లేదు, ఈస్టిండియా కంపెనీ వర్తక చిహ్నం ఉంది. నా కుడి పేజీల కష్టం అప్పుడే మొదలైందన్నమాట. ఆ స్టాంపు ధర మన బోటివాళ్ళకి అందేది కాదు, బొమ్మ ప్రింటు తీసి పెట్టుకున్నాను.

ఇప్పుడు దాటేసిన నాలుగణాల దగ్గరికొద్దాం. నిజాం 1931 సెట్‌లో నాలుగణాల నీలం స్టాంపు మీద ఉన్నది ఉస్మాన్ సాగర్. మనం గండిపేట అంటాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఇంకోసారి అలా జరక్కుండా ఏం చెయ్యాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. నగరానికి ఎగువన వరదని ఆపే జలాశయాలు కట్టమని ఆయన చెప్పాడు. అలా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ ఆ తర్వాత పూర్తయ్యాయి. విశ్వేశ్వరయ్యకి కూడా 1960లో నూరేళ్ళ సందర్భంగా స్టాంపు వచ్చింది. ఇంజనీర్స్ డేకి దండ వేసే ఫొటోలోని ఆయనే. ఆ పదిహేను నయాపైసల స్టాంపుని నేను నదుల పేజీలో పెట్టాను. ఫిలాటెలీ పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. నాది నా పుస్తకం.

గమనించండి, ఆ సెట్‌లో మూసీ లేదు. మూసీని ఆపిన గోడ ఉంది.

ఇది పట్టుకున్నాక మిగతావన్నీ అలాగే కనబడటం మొదలైంది. 1955 నాటి పంచవర్ష ప్రణాళిక సిరీస్‌లో అణా స్టాంపు మీద దామోదర్ లోయ ఆనకట్ట. 1965లో మొదలైన సిరీస్‌లో ఐదు రూపాయల మీద భాక్రా డ్యామ్, అంటే సట్లెజ్. 2007లో పేరున్న వంతెనలు అని నాలుగు వేశారు: హౌరా, విద్యాసాగర్ సేతు, పట్నాలో గాంధీ సేతు, పాంబన్. మొదటి రెండూ హుగ్లీ మీద, మూడోది గంగ మీద, నాలుగోది సముద్రం మీద. (మన రాజమండ్రి వంతెనలకి ఆ నాలుగిట్లో చోటు దొరకలేదు. ఈ బాధ నాకింకా ఉంది.) అంటే నది స్టాంపుకి ఎక్కాలంటే చాలావరకు ఎవరో దాన్ని ఆపాలి, లేదంటే దాటాలి. కోటకి ఆ షరతు లేదు. శిథిలమైపోయినా, ఏ పనికీ రాకపోయినా, కోట కోటగానే ఎక్కుతుంది.

ఈ మాట మా సివిల్ ఫ్రెండ్‌తో అంటే వాడు కొట్టిపారేశాడు. వాడి వాదన కూడా చెప్పాలి, అందులో నిజముంది. స్టాంపు బొమ్మ పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. అందులో కోటని గుర్తుపట్టొచ్చు, దానికి ఒక రూపురేఖ ఉంది. గోదావరిని అంత చోటులో గీస్తే అది కృష్ణా అయినా అనుకోవచ్చు, మహానది అయినా అనుకోవచ్చు. చెక్కే పద్ధతిలో నీళ్ళంటే అడ్డంగా నాలుగు సన్న గీతలు, అంతే. ఆ గీతలకి ఒక గుర్తు కావాలంటే పక్కన డ్యామో వంతెనో ఘాటో ఉండాల్సిందే. కాబట్టి ఇది డ్రాయింగ్ సమస్య, ప్రభుత్వాల సమస్య కాదంటాడు వాడు.

ఒప్పుకుంటాను, కానీ సగమే. గీయాలనుకుంటే దారులున్నాయి. 1991లో అంతరించిపోతున్న జలచరాల మీద రెండు స్టాంపులు వేశారు. అందులో ఒకటి గంగా డాల్ఫిన్. ఆ జీవి నదిలో తప్ప సముద్రంలో బతకదు. నా కుడి పేజీలో గంగ గంగగా ఉన్న స్టాంపు ఏదంటే నేను దాన్నే చూపిస్తాను. గోడ లేదు, వంతెన లేదు, నీళ్ళలో బతికే ఒక ప్రాణి ఉంది.

స్టాంపు మీద ఏం బొమ్మ వేశారన్నది ఏమంత పెద్ద విషయం అనుకునేవాళ్ళకి నికరాగువా కథ చెబుతుంటాను. 1902లో అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాల్ని కలిపే కాలువ ఎక్కడ తవ్వాలని అమెరికా సెనేట్‌లో చర్చ. ఒక దారి పనామా. ఇంకోటి నికరాగువాలో శాన్ హువాన్ నది మీదుగా పెద్ద సరస్సులోకి వెళ్ళే దారి. అదే ఏడాది మే నెలలో కరీబియన్ దీవి మార్టినిక్‌లో అగ్నిపర్వతం పేలి ఒక పట్నం మొత్తం బూడిదైంది. పనామా కోసం పట్టుబట్టిన ఫ్రెంచి ఇంజనీరు బునో-వరియా ఏం చేశాడంటే, పొగలు కక్కుతున్న మొమొతొంబో అగ్నిపర్వతం బొమ్మ ఉన్న నికరాగువా స్టాంపులు కొని సెనేటర్లకి తలా ఒకటి పంపాడు. చూడండి, వాళ్ళ ప్రభుత్వమే ఒప్పుకుంటోంది అన్నట్టు. ఓటింగ్‌లో పనామా గెలిచింది. ఒక్క స్టాంపు వల్లే గెలిచిందనడం అతి అవుతుంది, కానీ వాడి ప్రెజెంటేషన్ స్కిల్స్‌కి మాత్రం దండం పెట్టాలి. శాన్ హువాన్ నది కాలువ కాకుండా నదిగానే మిగిలింది. దాని ఒడ్డున స్పెయిన్ వాళ్ళు 1675లో కట్టిన కోట కూడా అలాగే ఉంది.

అన్ని నదీకోటలకీ ఆ అదృష్టం పట్టలేదు. రొమేనియా, యుగోస్లావియా కలిసి డాన్యూబ్ మీద 'ఇనుప ద్వారాలు' అనే ఇరుకు చోట పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట మొదలుపెట్టి, 1965లో రెండు దేశాలూ ఉమ్మడిగా స్టాంపులు వేశాయి. రెండు దేశాల స్నేహం, కరెంటు, ప్రగతి. అవి నాకు ఒక ఎగ్జిబిషన్‌లో దొరికితే సంతోషంగా కుడి పేజీలో పెట్టుకున్నాను. తర్వాతెప్పుడో చదివితే తెలిసింది. ఆ ఆనకట్ట ఎగువన అదా కాలే అని ఒక చిన్న దీవి ఉండేది. దీవి నిండా పాత కోటగోడలు, వాటి మధ్య తురుష్కుల కుటుంబాలు, మసీదు, బజారు. అదా కాలే అన్న పేరుకే దీవికోట అని అర్థం. 1970 ప్రాంతంలో నీళ్ళు నిలబెట్టినప్పుడు కోట, దీవి మొత్తం మునిగిపోయాయి. నా దగ్గరున్న స్టాంపు ఒక కోటని ముంచిన పనికి పండగ చేస్తోందన్నమాట. దాన్ని ఎడమ పేజీలో పెట్టాలా కుడి పేజీలో పెట్టాలా అని చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఈజిప్టు ఈ విషయంలో నయం. నైలు మీద అస్వాన్ హై డ్యామ్‌కీ స్టాంపులు వేసింది, దాని నీళ్ళలో మునగబోతున్న నూబియా ఆలయాలని కాపాడమనీ స్టాంపులు వేసింది.

మనకిదేం కొత్త కాదు. నాగార్జునకొండ లోయలో హడావిడిగా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికీ అనుపుకీ మార్చి, మిగతా లోయని నాగార్జునసాగర్‌కి వదిలేశారు. శ్రీశైలం జలాశయం కోసం కూడలి సంగమేశ్వరం గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో కట్టారు. ఇంకో సంగమేశ్వరం ఏటా నీళ్ళలోనే ఉంటుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటికొస్తుంది. గుళ్ళకి ఇలా ఏదో ఒక దారి దొరికింది. ఊళ్ళకి దొరకలేదు.

మా జేజి పుట్టిన ఊరు శ్రీశైలం నీళ్ళలో ఉంది. ఊరి పేరు ఇక్కడ రాయను. ఇంక అటక కథ.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటి అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. అందులో జేజికి వాళ్ళ నాయన రాసిన ఉత్తరాల కట్ట. ఉత్తరాలు జేజి తీసుకుంది. కవర్లు నాకిచ్చింది. నేను కత్తెర తీసుకుని కవర్ల మూలల్లో ఉన్న స్టాంపులు చుట్టూ కత్తిరించి, గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, వెనకాల జిగురు వదిలాక పాత న్యూస్‌పేపర్ల మధ్య ఆరబెట్టాను. స్కూల్ పుస్తకంలో అలాగే చెయ్యమని ఉంది. మిగిలిన కవర్ల ముక్కలు నీళ్ళపొయ్యిలో పెట్టాను. పద్ధతి ప్రకారం చూస్తే నేను చేసినదాంట్లో ఏ తప్పూ లేదు. స్టాంపులు ఒక్కటి కూడా చిరగలేదు.

స్టాంపుని రద్దు చేసేటప్పుడు పోస్టాఫీసులో వేసే గుండ్రటి ముద్ర సాధారణంగా సగం స్టాంపు మీద, సగం కవర్ మీద పడుతుంది. అందులో పోస్టాఫీసు పేరు, తేదీ ఉంటాయి. అంటే ఆ రోజు ఆ ఊరు ఉంది, అక్కడొక పోస్టాఫీసు తెరిచి ఉంది, ఒక మనిషి ముద్ర వేశాడు అని చెప్పే కాగితం అది. ఊరు మునిగితే పోస్టాఫీసు పోతుంది, ముద్ర పోతుంది. మళ్ళీ ఆ పేరుతో ముద్ర పడదు. అందుకే ఈ పనిలో అనుభవమున్నవాళ్ళు పాత కవర్ దొరికితే కత్తెర ముట్టుకోరు, కవర్‌ని కవర్‌గానే దాస్తారు. ఇంట్లో పాత కవర్లు ఉన్నవాళ్ళు ఈ వ్యాసంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. కవర్ మీద ఉన్న స్టాంపు కొత్తదో పాతదో, మామూలుదో అరుదైనదో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ముద్ర చదవండి.

నాకు ఈ సంగతి ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది. ఆ సంక్రాంతికి ఇంటికెళ్ళి జేజికి చెప్పాను, కవర్లు కాల్చేసి తప్పు చేశానని. కోపమొస్తుందనుకున్నాను. జేజి కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఊరి ముద్ర ఉండె గదరా దానిమీద, ఎందుకు పారేస్తివి?" అంది. అంతే అంది. ఆ తర్వాత వాళ్ళ ఊళ్ళో పోస్టాఫీసు ఎక్కడుండేదో చెప్పింది. పెద్ద వేపచెట్టు, దాని ఎదురుగా రచ్చబండ, బండ వెనకాల ఒక గది. ఏటికి పోయే దారి ఆ గది పక్కనుంచే. "ఏరు" అనే అంటుంది జేజి, కృష్ణా అనదు.

ఆనాటి స్టాంపులు పద్దెనిమిది నా దగ్గర ఉన్నాయి. భూతద్దం కింద ఒక్కొక్కటీ పెట్టి చూశాను. చాలావాటి మీద ముద్ర చెరిగి నల్లటి మరక మాత్రమే ఉంది. కొన్నిటి మీద తేదీలో అంకెలు కనబడుతున్నాయి. ఒక్కదాని మీద మాత్రం ఎడమ అంచున ముద్ర వంపు స్పష్టంగా పడింది. ఊరి పేరులో చివరి మూడు అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. మొదటి సగం కవర్ మీద ఉండిపోయింది, అంటే పొయ్యిలో పోయింది.

దాని మీద కోటా లేదు, నదీ లేదు. అప్పట్లో ప్రతి పోస్టాఫీసులో అమ్మిన మామూలు స్టాంపే. అయినా దాన్ని నదుల పేజీలో మొదటి వరుసలో పెట్టి, కింద పెన్సిల్‌తో జేజి చెప్పిన ఊరి పేరు పూర్తిగా రాశాను.